ఎడారిలో స్నానం చేయని మా బావ

మా గుడివాడ వాకర్స్ క్లబ్ సావనీరులో కొన్నేళ్ల క్రితం నేనొక యాత్రా వ్యాసం రాశాను. "మండుటెడారిలో చల్లని గుడారం" దాని పేరు. జైసల్మేర్ అవతల ఇసుకలో, ఎండాకాలంలో, గుడారం వేసుకుని చల్లగా ఎలా ఉండవచ్చో అందులో సవివరంగా చెప్పాను. పొద్దున్నే నడవడం తప్ప వేరే ప్రయాణం ఎరగని మా సభ్యులు దాన్ని తెగ మెచ్చుకున్నారు. వాళ్లకు అన్నిటికంటే నచ్చింది మా బావ స్నానం చేసే ఘట్టం. ఒంటెల ఆసామి ఎక్కడి నుంచో మోసుకొచ్చిన తాగునీళ్ల డ్రమ్మును మా బావ ఎవరికీ చెప్పకుండా నెత్తిన కుమ్మరించుకున్నాడని, ఆ తర్వాత తాగడానికి చుక్క లేక తనే వడదెబ్బ తగిలి పడిపోయాడని, నేను దగ్గరుండి బతికించానని రాశాను.

నేను రాయని సంగతి ఇది. మా బావ ఆ రోజు స్నానం చేయలేదు. ఆ రోజే కాదు, ఆ ఎడారిలో ఉన్నన్నాళ్లూ చేయలేదు. నీళ్లు కుమ్మరించింది నేను. నా నెత్తిన కూడా కాదు, గుడారం మీద.

నాది టెంట్ హౌస్ వ్యాపారం. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, కూలర్లు అద్దెకిస్తాను. అద్దాలు కుట్టిన గుడ్డ చవగ్గా దొరుకుతుందని రాజస్థాన్ వెళ్తూ బావను తోడు తీసుకెళ్లాను. బావ పేరు వెంకటరత్నం. మా అక్క భర్త, మా మేనత్త కొడుకు కూడా. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. సీజన్ అయిపోయిందని గుడారం సగం ధరకే అమ్మారు, దాన్ని ఒక ఒంటెల ఆసామి సాయంతో అక్కడే ఇసుకలో వేసుకుని ఉన్నాం. సీజన్ ఎందుకు అయిపోయిందో నేను ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి తెలిసింది. కాలువల మధ్య పుట్టి పెరిగినవాడికి వేడికి తెలిసిన మందు ఒక్కటే, నీళ్లు చల్లడం. వాకిట్లో చల్లుతాం, డాబా మీద చల్లుతాం, వట్టివేళ్ల తడికల మీద చల్లుతాం. నీళ్లు అయిపోతాయన్న ఆలోచన మాకు పుట్టుకతోనే లేదు. బావ ఒంటెలు చూడడానికి వెళ్లినప్పుడు డ్రమ్మంతా గుడారం మీద పోశాను. ఆ పొడిగాలికి తడిగుడ్డ ఎంత చల్లబడిందంటే నేను గురక పెట్టి నిద్రపోయాను. లేచేసరికి ఎండలో తిరిగొచ్చిన బావ డ్రమ్ము పక్కన కూలబడి వాంతి చేసుకుంటున్నాడు. నీళ్లేమయ్యాయని ఒంటెల ఆసామి అడుగుతున్నాడు. నాకు హిందీ వచ్చు. బావకు రాదు. ఆయనకు రోజూ రెండు పూటలా స్నానం అలవాటండీ అని హిందీలో చెప్పాను.

అంతవరకు ఆ ఒంటెల ముసలాయన రొట్టె కాల్చినప్పుడల్లా మొదటిది బావకు ఇచ్చేవాడు. బావ ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక మొదటి రొట్టె నాకిచ్చాడు. నేను తిన్నాను.

ఇంటికొచ్చాక అదే అబద్ధాన్ని తెలుగులో చెప్పాను. తర్వాత అచ్చు వేయించాను. ఇప్పుడు రాయబోయేది మొన్నటి వేసవిలో చేసిన ఇంకో ప్రయాణం, గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ చివర సముద్రం దాకా. దూరం చెప్పుకోదగ్గది కాదు. నాకు మాత్రం జైసల్మేర్ కంటే దూరమైంది.

గుడివాడ: అనుభవజ్ఞుడి సన్నాహాలు

అందరూ ఎండలకు ఊటీ వెళ్తుంటే మనం ఎండలోకే వెళ్దామన్న ఆలోచన మా క్లబ్ అధ్యక్షుడు మాస్టారిది. లెక్కల టీచరుగా రిటైరైన ఆయనకు నా వ్యాసం దాదాపు కంఠతా వచ్చు. మనకు ఎడారి లేకపోతేనేం, పాలకాయతిప్ప దగ్గర కావలసినంత ఇసుక ఉంది, అనుభవజ్ఞుడు ఉన్నాడు, గుడారం కూడా ఉందన్నారు. అనుభవజ్ఞుణ్ణి నేను. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, రోహిణి కార్తెలో బుద్ధున్నవాడెవడూ ఇసుకలో పడుకోడని చెప్పడం మర్చిపోయాను.

మూడోవాడు మందుల షాపు శేషు. ఎగతాళి చేయడానికే పుట్టాడు, తీరిక వేళల్లో మందులు అమ్ముతాడు. షాపులో గడువు దగ్గరపడిన ఓఆర్ఎస్ ప్యాకెట్లన్నీ సంచిలో వేసుకొచ్చి, వాటిని యాత్రకు తన విరాళంగా ప్రకటించాడు. ఒక షరతు కూడా పెట్టాడు.

"బావగారు రాకపోతే నేను రానండీ. హీరో లేకుండా సినిమా ఏంటి?"

జైసల్మేర్ నుంచి కొనుక్కొచ్చిన గుడారాన్ని దులిపించాను. మందపాటి నూలు గుడ్డ, లోపలంతా ఎర్ర పువ్వుల అచ్చు, అంచుకు అద్దాలు. డబ్బున్నవాళ్ల పెళ్లిళ్లలో దాని కింద నిలబడి ఫొటోలు దిగుతారు కాబట్టి నా దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ అద్దె దానికే. జేబుల్లో పెట్టుకోవడానికి ఉల్లిపాయలు, మెడకు చుట్టుకోవడానికి తువ్వాళ్లు, గోనెగుడ్డ చుట్టిన కుండ, ఇలా నా వ్యాసంలో చెప్పినవన్నీ సర్దాను. అద్దె కారు మాట్లాడాం. ఇసుక దగ్గర దింపేసి మర్నాడు సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు డ్రైవరు. ఏసీ కారులో కూర్చుని ఎండను జయించడం గురించి మాట్లాడుకుంటూ బయల్దేరాం.

బందరు: ఒక బకెట్

మా అక్క రాజ్యం వాళ్లది చిలకలపూడి. ఆ వీధిలో ఇంటింటా రోల్డు గోల్డు పని. గుమ్మాల్లో కూర్చుని ఆడవాళ్లు గొలుసుల కొక్కేలు కలుపుతూ ఉంటారు. మెళ్లో ఉన్నది అసలుదా కాదా అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. గుడివాడలో పలకరింపే అది.

మేం వెళ్లేసరికి బావ స్నానానికి వెళ్లాడు. అక్క మజ్జిగ గ్లాసులు ఇస్తూ, మాస్టారు మొదటిసారి వచ్చారు కదా అని, ఇంటి గురించి చెప్పుకొచ్చింది. ఆ ఇంటి గురించి అక్క ఎక్కడ మొదలుపెట్టినా బావ స్నానం దగ్గరికే వస్తుంది.

"ఒక్క బకెట్టే పెడతానండీ మాస్టారూ. రెండోది పెడితే ఏమవుతుందో మా తమ్ముడు రాశాడుగా."

శేషు మజ్జిగ పొలమారేలా నవ్వాడు. బావ తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వి, ఎప్పుడొచ్చారని అడిగాడు. ఏం మాట్లాడుకుంటున్నామని అడగలేదు. పెళ్లిళ్లలో బావ చేతులు కడుక్కోవడానికి లేస్తే "బావగారికి రెండు బిందెలు పెట్టండర్రా" అని అరుస్తారు. గృహప్రవేశాలకు వెళ్తే మోటారు స్విచ్చు దాచమంటారు. మొదట్లో బావ ఏదో చెప్పబోయేవాడు. తర్వాత మానేశాడు. మా ఇంటికి రావడం కూడా తగ్గించాడు. పనులు ఎక్కువయ్యాయనుకున్నాను. రిటైరైన మనిషికి పనులేంటని ఆలోచించలేదు.

ఈ ప్రయాణానికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. ఫోన్లో అడిగితే, "గుడారం అదేనా?" అన్నాడు. అదేనన్నాను. వస్తానన్నాడు.

అక్క పప్పు, మామిడికాయ పులిహోర పెట్టింది. అడిగి మరీ వేయించుకున్నాను, దారికి పులిహోర కూడా కట్టించుకున్నాను. వెళ్తూ వెళ్తూ అర కిలో బందరు హల్వా కొన్నాం. నాలుగు వీధులు తిరిగి, ఒక్కో కొట్లో రుచి చూసి, చివరికి మొదటి కొట్లోనే కొన్నాం. నెయ్యి కారే హల్వా ఎండలో దాహం తీరుస్తుందా అని అడిగినవాడు మాలో ఒక్కడూ లేడు.

చల్లపల్లి దారి: ముంజలు

చల్లపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన ఒకామె టార్పాలిన్ కింద ముంజలు కొడుతోంది. డజను వంద చెప్పింది. మాస్టారు ఒక్కో కాయలో ఎన్ని కళ్లుంటాయో లెక్కగట్టి బేరం మొదలుపెట్టారు. ఆమె ఆ లెక్క పట్టించుకోకుండా మా నలుగురు మగవాళ్లనూ, డిక్కీలో కుండనూ చూసి గొంతు తగ్గించింది.

"అస్థికలు కలపడానికా బాబూ? ఎవరు పోయారు?"

సాగర సంగమానికి ఆ ఎండలో వెళ్లేవాళ్లు వేరే పని మీద వెళ్లరని ఆమె లెక్క. ఎవరూ పోలేదని, చల్లగా టెంటు వేసుకుని ఉండటానికి వెళ్తున్నామని మాస్టారు చెప్పారు. ఆమె మా కారుకేసి చూసింది. లోపల ఏసీ నడుస్తోంది.

"మరి ఇందులోంచి దిగడం దేనికండీ?" అంది.

ఆ ప్రశ్నకు నా వ్యాసంలో జవాబు లేదు. బావ మాత్రం కోయని కాయల గెల ఒకటి అదనంగా కొన్నాడు. మోత ఎందుకని నేను విసుక్కున్నాను.

పులిగడ్డ: ఏటి మీద కాలువ

పులిగడ్డ దగ్గర బావ కారు ఆపమన్నాడు. అక్కడ కృష్ణ పాయ మీదుగా అక్విడెక్టు కట్టి కాలువను దివిసీమలోకి తీసుకెళ్లారు. కింద ఏరు ఎండి ఇసుక మేటలు వేసి ఉంది. ఏటిని దాటడానికి మనుషులకు వంతెన కట్టడం ఎక్కడైనా ఉంది. నీళ్లకు వంతెన కట్టడం చూస్తే నీళ్లకు మేమిచ్చే మర్యాద తెలుస్తుంది. ఆ మర్యాదంతా కాలువ మొదట్లో ఉన్నవాళ్లకే అందుతుందని కూడా తెలుస్తుంది.

బావ పిట్టగోడ పట్టుకుని నిలబడి, తన ఉద్యోగం సంగతులు చెప్పాడు. చివరి భూముల రైతులు ఆఫీసుకొచ్చి గుమాస్తా బల్ల మీద గుద్ది అడిగేవాళ్లట, మా వంతు నీళ్లు ఎవరు తిన్నారని. ఇంజనీరు గది తలుపు వేసి ఉండేది కాబట్టి అందరి తిట్లూ బల్ల దగ్గరే ఆగేవట.

"ఒక్కోసారి నీళ్లన్నీ నేనే తాగేశానేమో అనిపించేది" అన్నాడు.

"తాగలేదండీ, పోసుకున్నారు" అన్నాడు శేషు.

మాస్టారు నవ్వారు. నేనూ నవ్వాను. బావ కారెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

కోడూరు: టిన్నుల ఊరు

కోడూరులో టీ తాగి నీళ్లు కొన్నాం. గుడివాడలో కూడా టిన్ను నీళ్లే తాగుతాం. కానీ అది మాకు ఫిల్టరు పోకడ. ఇక్కడ వేరే దారి లేదు. బోరు వేస్తే ఉప్పు పడుతుందని, సముద్రం వైపు వెళ్లేకొద్దీ బావి నీళ్లు నోట పెట్టుకోలేమని టీ కొట్టామె చెప్పింది. మూడు పక్కలా నీళ్లున్న సీమలో మంచినీళ్లు ఆటోల్లో తిరుగుతున్నాయి. మా ఊళ్లో టిన్నుకు ఇచ్చేదానికన్నా పది రూపాయలు ఎక్కువ తీసుకుంది. నేను గొణిగితే, ముందుకెళ్తే ఆ ధరకూ దొరకవని, అక్కడి దుకాణాలు ఆదివారం తప్ప తెరవరని చెప్పింది. ఎన్ని రోజులుంటారు, ఎంతమంది అని అడిగి, చాలవు, ఇంకోటి పట్టుకెళ్లమంది. అమ్ముకోవడానికి చెబుతోందనుకున్నాను.

ఇసుక మీద: నా వ్యాసం పరీక్షకు నిలబడటం

సముద్రానికి కాస్త ఇవతల సరుగుడు తోట ఉంది. చక్కటి నీడ. గుడారం అక్కడ వేద్దామన్నాడు బావ. చెట్ల కింద వేస్తే పెళ్లి పందిరిలా ఉంటుందని, గుడారమంటే బయలు ఇసుకలో ఉండాలని నేను శాసించాను. సావనీరులో వేసిన ఫొటోలో అలాగే ఉంది. కారు మమ్మల్ని దింపేసి వెళ్లిపోయింది. ఎండలో మేకులు దిగ్గొట్టేసరికి మాస్టారు రెండుసార్లు కూర్చుని లేచారు.

ఇక నా చిట్కాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఎడారిలో ఇసుకను మోచేతి లోతు తవ్వితే కింద చల్లటి పొర తగులుతుంది, దాని మీద పక్క వేసుకోవాలి. ఇక్కడ తవ్వితే నీళ్లూరాయి. మాస్టారి దుప్పటి తడిసింది, ఒక పీత కూడా దర్శనమిచ్చింది. గాలికి ఎదురెదురుగా రెండు వైపులా తెరలు ఎత్తి కట్టాలి. కట్టాం. పులిహోరలో ఇసుక కరకరలాడింది. మెడకు తడి తువ్వాలు చుట్టుకోవాలి. చుట్టుకున్నాం. ఎడారిలో ఆ తువ్వాలు గాలికి ఆరుతూ మెడను చల్లబరుస్తుంది. సముద్రపు గాలి అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి ఇంకొకరి తడిని తీసుకోదు. తువ్వాలు తడిగానే ఉండిపోయి మెడకు వేడి కాపడం పెట్టినట్టయింది. జేబులో ఉల్లిపాయ మాత్రం తన పని తాను చేసింది. నలుగురమూ ఉల్లిపాయ వాసన కొట్టాం.

రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. దోమలు తిన్నాయి.

పొద్దున్నే మాస్టారు, ఎడారిలో కూడా ఇంతేనా అని మర్యాదగా అడిగారు. అక్కడ గాలి వేరని చెప్పాను. ఆ ఒక్క నిజమైనా వ్యాసంలో రాసి ఉండాల్సింది.

రెండో రోజు: ఖాళీ టిన్నులు

మర్నాడు పొద్దెక్కేకొద్దీ పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొట్టింది. మాస్టారు, శేషు తట్టుకోలేక సరుగుడు నీడకు వెళ్లి పడుకున్నారు. బావ బకెట్ తీసుకుని సముద్రం వైపు వెళ్లాడు. నేను గుడారంలో ఒంటరిగా ఉన్నాను. అనుభవజ్ఞుడు నీడకు పారిపోతే ఎలా?

పక్కనే నీళ్ల టిన్నులున్నాయి. అప్పుడు నా బుర్రలో జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. పడమటి గాలి పొడిగాలే కదా, గుడ్డ తడిపితే జైసల్మేర్లో లాగే చల్లబడుతుంది కదా అనుకున్నాను. నాలుగడుగులు వేస్తే సముద్రం. కానీ ఉప్పునీళ్లు పోస్తే గుడ్డ చారలు కడుతుంది, అద్దాల చుట్టూ దారం చివుకుతుంది, ఇక దాన్ని పెళ్లిళ్లకు ఎవరూ అడగరు. గుడ్డకు మంచినీళ్లు కావాలి. మనుషులకు ఏం కావాలో ఆ లెక్కలోకి రాలేదు. ఒక టిన్ను పోశాను. కాస్త చల్లబడింది. రెండోది పోశాను. ఇంకాస్త చల్లగా ఉంటుందని మిగిలినవీ పోశాను. చేయి తిరిగిన పని కదా.

సరిగ్గా అప్పుడు గాలి మళ్లింది. సముద్రం వైపు నుంచి జిగట గాలి మొదలైంది. తడిగుడ్డ ఆరడం మానేసింది. పైన ఎండ, మధ్యలో తడి, కింద నేను. మా ఇంట్లో ఇడ్లీలు ఎలాంటి చోట ఉడుకుతాయో తెలిసింది. ఊపిరాడక బయటికి పాకాను.

శేషు నీళ్ల కోసం వచ్చాడు. టిన్నులు ఎత్తి చూశాడు, తలకిందులుగా వంచి చూశాడు. వెనకే మాస్టారు వచ్చారు. ఆయన పెదాలు పొలుసులు కట్టి ఉన్నాయి. తల తిరుగుతోందని ఇసుకలో కూర్చుండిపోయారు. డ్రైవరుకు ఫోన్ చేస్తే అవనిగడ్డ అవతల ఉన్నానని, రావడానికి టైము పడుతుందని అన్నాడు. శేషు సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు గుట్టగా ఉన్నాయి. కలపడానికి నీళ్లు లేవు. అర కిలో హల్వా ఉంది.

అప్పుడే సముద్రం వైపు నుంచి బావ వచ్చాడు. నడుం దాకా తడిసి, లుంగీ ఒంటికి అతుక్కుని, చేతిలో బకెట్టుతో.

శేషు రెండు చేతులూ జోడించాడు. "ఎడారిలో ఒకటి, ఇక్కడ ఒకటి. మీ బాకీ తీరిందా బావగారూ?"

మాస్టారికి తల తిరుగుతున్నా నవ్వొచ్చింది. బావ బకెట్ దించాడు. "ఇవి ఉప్పునీళ్లండీ, టెంటు మీద చల్లుదామని తెచ్చాను" అన్నాడు. ఎవరూ వినలేదు. ఈసారి వాళ్లు నన్ను అడగను కూడా లేదు. నేను ఏమీ చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లుగా నేను పెంచిన అబద్ధం నా సాయం లేకుండానే నడుస్తోంది. నేను కూడా నవ్వాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

బావ తడి గుడారం చూశాడు, టిన్నులు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఈసారి హిందీ కూడా అక్కర్లేదు కదరా" అన్నాడు.

అతనికి హిందీ రాదు. కానీ ఆ ముసలాయన ముఖం చదవడం వచ్చు. మొదటి రొట్టె ఎటు వెళ్లిందో చూడటమూ వచ్చు. ఇన్నేళ్లూ అతనికి తెలుసు. తెలిసే, గుడారం అదేనా అని అడిగాడు.

"నీళ్లు నేను పోశాను" అన్నాను. "టెంటు మీద. ఉప్పునీళ్లయితే గుడ్డ పాడవుతుందని."

శేషు నమ్మలేదు. బావగారిని వెనకేసుకొస్తున్నారు, మంచితనం అంటే ఇదీ అన్నాడు. నా అబద్ధానికి అచ్చులో అంత బలం వచ్చింది, నిజం చెబితే నా మంచితనం కింద జమ అయింది. చివరికి మాస్టారే లేచి వెళ్లి, గుడారం అంచు నుంచి కారుతున్న చుక్కను వేలితో తీసి నాలికకు రాసుకున్నారు. తర్వాత బకెట్లో వేలు ముంచి అదీ రుచి చూశారు. లెక్కల మాస్టారు కదా, రెండు వైపులా సరిచూసుకుంటారు.

"ఇది తియ్యగా ఉంది. అది ఉప్పు" అన్నారు.

"ఎడారిలో కూడా నేనే" అన్నాను.

శేషు ఎగతాళికి మాట వెతుక్కుని దొరక్క ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. మాస్టారు మళ్లీ కూర్చుని, మరి సావనీరులో రాశారే అన్నారు. అబద్ధం రాశానన్నాను. అయితే మళ్లీ రాయండి అన్నారు, హోంవర్కు తప్పు చేసినవాడికి చెప్పినట్టు. ఇది ఆ హోంవర్కే.

బావ తాళ్లు కొయ్యడానికి తెచ్చిన కత్తి తీసుకుని సరుగుడు నీడలో పెట్టిన ముంజల గెల ముందేసుకున్నాడు. మోత ఎందుకని నేను విసుక్కున్న గెల. కాయలు కోసి మొదటిది మాస్టారికిచ్చాడు. ఆయన బొటనవేలితో తోడుకుని, నీళ్లు గడ్డం మీద కారుతుంటే కళ్లు మూసుకుని తిన్నారు. తర్వాతది శేషుకు. తర్వాతది నాకు చాచాడు. తీసుకోవడానికి నా చెయ్యి వెంటనే లేవలేదు. తిను, ఎండిపోతాయి అన్నాడు. కారు వచ్చేదాకా ఆ గెలే మమ్మల్ని నిలబెట్టింది.

మాస్టారు కాస్త తేరుకున్నాక గుడారం విప్పాం. బావ తెచ్చిన బకెట్ నీళ్లు అక్కడే ఉన్నాయి. ఏం చెయ్యమంటావని నన్నడిగాడు. గుడ్డ మీద పోసెయ్ అన్నాను. పోయలేదు. ఇసుకలో ఒంపేసి, బకెట్ బోర్లించాడు.

కారు ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచాడు.

"వీళ్లకు చెప్పావు, సరే. మీ అక్కకు చెప్పు."

మళ్లీ బందరు

తిరుగుదారిలో కోడూరులో టీ కొట్టామె, చాలాయా నీళ్లు అని అడిగింది. శేషు నాకేసి చూశాడు. చాల్లేదమ్మా అన్నాను. పులిగడ్డ దగ్గర ఈసారి ఎవరూ ఆపమనలేదు. బావ కిటికీ అద్దం దించి, కాలువ వెళ్లిపోయేదాకా చూశాడు.

మేం దిగేసరికి చిలకలపూడి వీధిలో ఇంకా వెలుగుంది. గుమ్మాల్లో గొలుసులు కలిపేవాళ్లు సామాను సర్దుకుంటున్నారు. అక్క ఎదురొచ్చి, మా ముఖాలు, మా బట్టల మీద ఇసుక చూసి ముక్కు మూసుకుంది. ఉల్లిపాయల వాసన ఏంటంది. తర్వాత బావకేసి తిరిగింది.

"బకెట్ పెట్టాను. ఒక్కటే. సముద్రంలో కూడా నీళ్లు మిగిల్చారా, అయిపోయాయా?"

శేషు నవ్వలేదు. మాస్టారు నవ్వలేదు. అక్కకు అది కొత్తగా అనిపించి మా అందరి ముఖాలూ చూసింది. బావ తువ్వాలు తీసుకుని స్నానాల గది వైపు వెళ్తున్నాడు.

ఆగు బావా అన్నాను. ఆగాడు. అక్కకు మొదటి నుంచి చెప్పాను. డ్రమ్ము, గుడారం, నా నిద్ర, హిందీలో నేను చెప్పిన ముక్క, రొట్టె. దివిసీమలో టిన్నులు కూడా. చెబుతున్నంతసేపూ అక్క నన్ను చూడలేదు, ఆయన్ను చూస్తూ ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అంది.

"చెప్పాను" అన్నాడు బావ. "ఊరి నుంచి వచ్చిన రోజే చెప్పాను. మూడు రోజులు స్నానం లేకుండా ఉన్నాను రాజ్యం, నీళ్లు పాపం ఒంటె మోసుకొస్తుంటే పోసుకోబుద్ధి కాలేదు అని. నువ్వు నవ్వావు. మా తమ్ముడు అబద్ధం చెప్పడు అన్నావు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రోజుకు రెండుసార్లు స్నానం చేసే మనిషి, ఎవరూ అడగకుండా, ఎవరూ చూడకుండా మానుకున్నది అదొక్కటే. ఇంటికొచ్చి భార్యకు గొప్పగా చెప్పుకున్నది కూడా అదే అయ్యుంటుంది. నేను దాన్నే పట్టుకుని ఊరంతా నవ్వించాను.

అక్క లోపలికి వెళ్లింది. స్నానాల గదిలో కుళాయి తిప్పిన చప్పుడు, ఖాళీ బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించాయి. రెండో బకెట్. అది నిండేదాకా బావ గుమ్మంలోనే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. కుళాయి కట్టేశాక అన్నాను.

"బావా, ఆ రోజు స్నానం చేసింది టెంటు. నువ్వు కాదు. నన్ను క్షమించు."